ఎర్ర ఊలు కట్టిన వెన్నులు

మా పాపకి అన్నం ముట్టించిన దగ్గర్నుంచి మా అమ్మ వారం వారం చోళ్ళు నానబెడుతోంది. చోళ్ళంటే రాగులే, మా విజయనగరం వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ రాగులనరు. నానిన గింజని పల్చటి గుడ్డలో మూటగట్టి వంటింటి గూట్లో పెడితే, మర్నాటికి మూట వెచ్చబడి నేత సందుల్లోంచి తెల్లటి మొలకలు పొడుచుకొస్తాయి. వాటిని నీడన ఆరబెట్టి, సన్నటి సెగ మీద మూకుడులో వేయిస్తుంది. ఆ కమ్మటి వాసనకి మా నాన్న ఎక్కడున్నా లేచి వచ్చేవారు. చిటికెడు గింజలు అరచేతిలో పోసుకుని, పొట్టు ఊది, కిటికీ వెలుగులోకి చెయ్యి చాపి రంగు చూసేవారు. ఈ తొలకరిలో నాన్న పోయారు. ఇప్పుడు కూడా అమ్మ వేయిస్తూ వేయిస్తూ మధ్యలో గరిటె ఆపి గుమ్మం వైపు చూస్తుంది. గింజ మాడుతుంది. దాన్ని తీసి పక్కన పెట్టి మళ్ళీ కొత్త గింజ పోస్తుంది.

నాన్న ఊరి శివార్లలోని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చోడి పంట మీద పనిచేసేవారు. కొత్త రకాలు తయారుచేయడం ఆయన ఉద్యోగం. మా క్వార్టర్సు వెనక గుమ్మం దిగితే నేరుగా మళ్ళలోకే. నాకు తెలిసిన మొదటి వాసనలు తడి గోనెసంచులవీ, విత్తనాలకి పట్టించే మందువీ, నాన్న చొక్కా భుజాల మీద అంటుకునే ఎండు చోడిగడ్డిదీ. చోడి పువ్వు కంటికి ఆనదు. తెల్లారగట్ల విచ్చుకుని, ఎండ పొడ సోకేసరికి పని ముగించుకుంటుంది. తన పుప్పొడి తన మీదే రాల్చుకునే పువ్వు అది. రెండు రకాలని కలపాలంటే ముందుగా ఒకదాని పుప్పొడిని చంపాలి. అందుకని ఆ రకం వెన్నుని, అంటే కంకిని, కాసేపు వేడినీళ్ళలో ముంచి, తర్వాత రెండో రకం వెన్నుని దానికి జతచేసి కట్టి, పైన కాగితం సంచి తొడిగేవారు. నీళ్ళు మరీ వేడిగా ఉంటే మొత్తం పువ్వే చస్తుంది, చల్లారితే ఏ ఫలమూ ఉండదు. వేడి నిలబడడానికి ఆయనకి దొరికిన సాధనం మా ఇంటి ఫ్లాస్కు. తమ్ముడు గోపి పాల కోసం అమ్మ కొనిపించుకున్న ఫ్లాస్కు అది. తెల్లారేసరికి అది చేలో ఉండేది, పాలు గిన్నెలో చల్లారుతూ ఉండేవి.

"పిల్లడి పాలు సల్లారినా పర్లేదు, మీ గడ్డికి మాత్రం నీళ్ళు సల్లారకూడదు," అనేది అమ్మ. ఆవిడది పొందూరు. కోపమొస్తే మాట పూర్తిగా పుట్టింటి వైపుకి వెళ్ళిపోయేది.

"గడ్డి కాదే, చోడి."

"సోడి గడ్డి కాదేటి? ఆవుకి సెప్పండి ఆ మాట."

నాన్న నవ్వేసేవారు. చోడి నిజానికి గడ్డిజాతి మొక్కేననీ, అమ్మ మాటలో తప్పేం లేదనీ నాకు చెప్పేవారు. ఒక కొత్త రకానికి పేరు పెట్టి నమోదు చేయించి, రైతులకి విడుదల చేయాలంటే ఏం కావాలో కూడా నాకు అర్థమయ్యేలా చెప్పారు. మిగతా రకాలన్నిటికంటే అది వేరుగా ఉండాలి. దానిలో మొక్కలన్నీ ఒకేలా ఉండాలి. ఏ ఏడు వేసినా అలాగే ఉండాలి. అప్పటిదాకా అది ఒక నంబరు మాత్రమే, ఎంత బాగా పండినా దానికి పేరు లేదు. ఇదంతా వింటూ బియ్యం ఏరుతున్న అమ్మ తల ఎత్తకుండానే, "వేరుగా ఉండాల, ఒకేలాగుండాల, ఎప్పుడూ మారకూడదు. ఇవి మూడూ ఉన్న మనిషిని నాను కట్టుకున్నాను. ఇంకా విడుదల కానేదు," అంది. నాన్న ఆ మాటని ఆఫీసులో కూడా చెప్పుకుని నవ్వుకున్నారని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

ఆయన ఆశలన్నీ పెట్టుకున్న చోడికి ఒక తల్లి మా మామ్మ పొలంలోది. శృంగవరపుకోట దాటి కొండ మొదట్లో ఉండే ఊరు మా నాన్నది. మామ్మ చేలో తరతరాలుగా వస్తున్న నాటు చోడి బాగా ఎత్తు పెరిగేది, గాలికి పడిపోయేది, గింజ తక్కువ. కానీ అంబలి కాస్తే బెల్లం వేయకుండానే తియ్యగా ఉండేది. దాని గడ్డి వేస్తే ఆవులు కుడితి కూడా మర్చిపోయేవి. రెండో తల్లి ఎక్కడో దూరం నుంచి తెప్పించిన పొట్టి రకం. ఈ రెండిటినీ కలిపి, వచ్చిన పిల్లల్లోంచి మంచివి ఏరి, వాటి గింజని మళ్ళీ వేరువేరు వరసలుగా వేసి, మళ్ళీ ఏరి, ఇలా తరం తర్వాత తరం నడిపించారు. ఆయనకి కావలసింది ఒక్కటే: మామ్మ చోడి రుచీ గడ్డీ పోకుండా, అగ్గితెగులుకి నిలబడే మొక్క. ఆ తెగులొస్తే వెన్ను మెడ నల్లబడి విరిగి వేలాడుతుంది, గింజ తాలైపోతుంది. కేంద్రం భూమిలో తెగులు ఒక ఏడు వస్తే ఒక ఏడు రాదు. కొండ మంచు దిగే మామ్మ పొలంలో మాత్రం తప్పకుండా వస్తుంది. అందుకని నాలుగో తరం వరసలని పై అధికారిని ఒప్పించి తీసుకెళ్ళి అక్కడ వేశారు.

దసరా సెలవులకి మేమందరం ఆ ఊరెళ్ళాం. మామ్మ ఇంట్లో రోజు పొయ్యి దగ్గర మొదలయ్యేది. రాత్రి పులియబెట్టిన చోడిపిండిని నూకల్లో పోసి కాస్తూ, తెడ్డు తిప్పుతూ, వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరిస్తూ కూర్చునేది. ఆవిడ చెవి కమ్మలు బరువుకి కిందికి సాగి, తల తిప్పినప్పుడల్లా బుగ్గకి తగిలేవి. చుట్ట కాల్చేది. కాల్చినంతసేపూ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మేం వెళ్ళేసరికే చేను మీద తెగులు పడింది. నాన్న సంతోషంగా గట్ల మీద తిరుగుతుంటే మామ్మకి మతి పోయింది.

"ఏటిరా, నీ సేనికి జబ్బు సేసినట్టున్నాది."

"జబ్బు సెయ్యాలనే ఇక్కడేసానమ్మా."

"ఓర్నాయనో! జబ్బు రావాలని పంటేసినోడ్ని నిన్నే సూస్తన్నాను. ఊర్లో నవ్వుతన్నారు రా."

"నవ్వనీ. ఇంత జబ్బులో నిలబడ్డదేదో, అదే నాకు గావాల."

నిలబడ్డవి దొరికాయి. చుట్టూ వెన్నులు నల్లగా తలలు వేలాడేస్తే, అక్కడక్కడ కొన్ని మొక్కలు పచ్చటి మెడలతో నిటారుగా, పిడికిలి బిగించినట్టున్న నిండు వెన్నులతో నిలబడి ఉన్నాయి. కాగితం చీటీలు కొండ మంచుకి తడిసి ముద్దయిపోతున్నాయని, నాన్న అమ్మ దగ్గర ఊలు అడిగారు. అమ్మ అప్పుడు గోపికి ఎర్రటి స్వెట్టరు అల్లుతోంది. పక్క క్వార్టర్సావిడ దగ్గర కొత్తగా నేర్చుకున్న విద్య. ఒక చెయ్యి ఇంకా మిగిలే ఉన్నా, వాడికి చలెక్కువని సగం స్వెట్టరే తొడిగి తిప్పుతోంది. సణుక్కుంటూనే ఉండలోంచి ఇంత ఊలు తెంపి ఇచ్చింది. నాన్న మధ్యాహ్నమంతా ఒక్కరే చేలో తిరిగి ఆ మొక్కలకి తలా ఒక ఎర్ర పోగు కట్టి వచ్చారు. గింజ ముదరడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది, అప్పుడొచ్చి కోసుకుంటానన్నారు అమ్మతో. ఆ మాట మామ్మ వినలేదు. ఆవిడ సంతకి వెళ్ళి ఉంది.

ఆ మర్నాడే గోపికి జ్వరం వచ్చింది. ముందు వణుకు, తర్వాత మంట, తర్వాత మాట కలవకపోవడం. కొండ కింద ఊళ్ళలో ఆ రోజుల్లో మలేరియా కొత్తేమీ కాదు గానీ, అది మెదడుకెక్కింది. గోపిని దుప్పట్లో చుట్టి, దొరికిన జీపులో అమ్మా నాన్నా విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను మామ్మ దగ్గర వదిలేశారు. జీపు మలుపు తిరిగేదాకా గోపి పాదం ఒకటి దుప్పట్లోంచి బయటికి ఊగుతూ కనిపించింది. ఈ రోజుల్లో పాపకి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నాకు ఆ పాదమే కనిపిస్తుంది. చంక కింద పెట్టిన జ్వరం పుల్ల మోగేలోపు ఫోనులో ఎన్ని జబ్బులు వెతుకుతానో! మా ఆయన ఫోను లాక్కుని దాచేస్తారు. మామ్మకి వెతకడానికి ఏమీ లేదు. విజయనగరం నుంచి కబురు రావాలంటే బస్సులో ఎవరైనా మనిషి రావాలి. ఆవిడ పొయ్యి వెలిగించడం మానేసి, అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూ, నాకు మాత్రం పక్కింట్లోంచి అన్నం తెచ్చి పెట్టేది.

ఒక పొద్దున ఆవిడ చేను వైపు వెళ్ళి, ఉరుకులాంటి నడకతో తిరిగి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం మీద మాత్రం దిగులు లేదు. నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"ఒసే గుంటా, మీ అయ్య సూసినావేటే! సదువుకున్నోడు, దేవుడంటే నవ్వుతాడనుకున్నాను. సిన్నోడి సొక్కా దారం కట్టీసి ఎల్లినాడు, ఎవులికీ సెప్పకుండా."

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఇంట్లో మనిషికి ప్రాణం మీదికొస్తే, ఆ మనిషి తొడుక్కున్న బట్టలోంచి ఒక పోగు తీసి, నిలబడిన పైరులో మంచి వెన్నులకి కట్టి, పోలమ్మ తల్లికి విడిచేవారు. కట్టినవాళ్ళు ఆ మాట పైకి అనకూడదు, ఎవరూ వాళ్ళని అడగకూడదు. ఇంటి పెద్దామె ఆ పోగులు చూసి తనంతట తాను గ్రహించి, తక్కిన చేను కోయకముందే ఆ వెన్నులు కోసుకెళ్ళి అమ్మవారి రాతి దగ్గరే నూర్చి, అక్కడే విసిరి, అక్కడే అంబలి కాచి ఊరి పిల్లలకి పోయాలి. ఒక్క గింజ కూడా ఇంటికి రాకూడదు. మిగిలిన గింజతో పాటు రోగం కూడా తిరిగి వస్తుందని భయం. మామ్మ కళ్ళకి ఆ చేలో కనిపించింది ఇదే: చుట్టూ తెగులు, మధ్యలో తెగులంటని వెన్నులు, వాటికి జబ్బుపడ్డ మనవడి స్వెట్టరు ఊలు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరైనా ఇంకోలా అనుకోలేరు. అక్కడే పుట్టిన మా నాన్నకి ఊలు కడుతున్నప్పుడు ఆ ఆచారం ఎందుకు తట్టలేదో మరి. చదువులో అంత దూరం వెళ్ళిపోయారేమో, లేక ఆ మధ్యాహ్నం ఆయనకి ఆ మొక్కలు తప్ప లోకంలో ఇంకేమీ లేవేమో.

గింజ అప్పటికి ముదిరింది. మామ్మ తలారా స్నానం చేసి, తడిబట్టతో వెళ్ళి, ఎర్ర పోగున్న ప్రతి వెన్నూ కోసింది. ఒక్కటీ వదలలేదు. చిన్న తిరగలిని నెత్తిన పెట్టుకుని పోలమ్మ రాయి దగ్గరికి నడిచింది. నేను బుట్ట పట్టుకుని వెనక నడిచాను. అక్కడ ఇద్దరాడవాళ్ళు కూడా సాయం వచ్చారు. వాళ్ళు నూరుస్తుంటే గోధుమరంగు గింజలు బట్ట మీద జలజలా రాలాయి. ఎండలో ఆరబోసి, తిరగలి తిప్పుతూ మామ్మ ఏదో పాడింది. గొంతు చాలకపోయేసరికి ఆపేసి, మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది. అంబలి మూడు రాళ్ళ పొయ్యి మీద కాస్తుంటే గాలికి మంట ఒక పక్కకే పోయి, కుండ అడుగు మాడింది. పిల్లలం ఆకు దొన్నెల్లో తాగుతూ మొహాలు చిట్లించాం. "మాడు తాగితే ఈత వస్తాది, తాగండ్రా!" అని మామ్మ గదిమింది. మాడు వాసన కింద ఆ తీపి మాత్రం ఉంది. ఇంత కాలం తర్వాత కూడా నాలుక మీదికి తెచ్చుకోగలను. చివరికి కుండ కడిగిన నీళ్ళు కూడా రాతి మొదట్లోనే పోసింది. బట్ట దులిపి, మడతల్లో గింజ లేదని రెండు చేతులతో తడిమి చూసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నాన్న వచ్చారు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, చేతిలో వెన్నులు వేసుకోవడానికి తెచ్చిన గుడ్డసంచులతో బస్సు దిగారు. మామ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురెళ్ళింది.

"కళ్ళు తెరిసినాడమ్మా. పాలడిగినాడు," అన్నారు నాన్న.

మామ్మ నీళ్ళ చెంబు అలాగే పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. నాన్న ఆవిడ భుజం తట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చేను వైపు వెళ్ళారు. నేను వెంట పరిగెత్తాను. గట్టు మీద నిలబడి కాసేపు చూశారు. తర్వాత వరసల మధ్యకి వెళ్ళి, వంగి, కోసిన మొదళ్ళని ఒక్కొక్కటీ ముట్టుకుంటూ నడిచారు. పశువు పడిన చేను అలా ఉండదని ఆయనకి తెలుసు. కొడవలి కోత నున్నగా ఉంటుంది. నేనేమీ చెప్పలేదు, అడగకూడదని మామ్మ నేర్పిన మాట నాకు గుర్తుంది. ఇంటికి వచ్చేసరికి మామ్మ కళ్ళు తుడుచుకుని, పొయ్యి వెలిగించి, చాలా రోజుల తర్వాత నవ్వుమొహంతో ఉంది.

"ఇప్పుడు సెప్పొచ్చురా, పిల్లడు లేచినాడు గదా. నీ మొక్కు నాను తీర్చీసినాను. ఎర్ర పోగు కట్టినవన్నీ అమ్మకిచ్చీసినాను. ఎంత మంచి ఎన్నులు సూసి కట్టినావురా! నా సేలో అలాటివి నానెప్పుడూ సూడనేదు."

నాన్న అరుగు మీద కూర్చున్నారు. గుడ్డసంచులు పక్కన పెట్టుకున్నారు.

"గింజ... ఏమైనా మిగిలిందేటమ్మా?"

"మిగల్చొచ్చేటి! తప్పు గాదూ? పూర్తిగా తీర్చీసినాను, నువ్వేటీ బెంగెట్టుకోకు."

నాన్న మొహంలోకి చూస్తే నాకు భయమేసింది. ఏడుస్తారనుకున్నాను. ఆయన మాత్రం తల ఊపి, "మంచి పని సేసినావమ్మా," అన్నారు. తర్వాత నన్ను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు తాగావా అంబలి?"

"తాగాను. మాడిపోయింది."

"మాడు సరే. తియ్యగా ఉందా?"

"ఉంది."

"మామ్మ మామూలు చోడి అంత తీపేనా? తక్కువా?"

"అంతే ఉంది నాన్నా."

ఆయన గట్టిగా ఊపిరి వదిలి, నా తల మీద గడ్డం ఆనించారు. ఆ రకం గురించి ఆయనకి దొరికిన ఆఖరి ఫలితం అదే. దాన్ని ఎక్కడా రాసుకునే వీలు లేదు.

మర్నాడు విజయనగరం వెళ్ళే దారిలో, శృంగవరపుకోటలో బస్సు మారేటప్పుడు, ఆయన టెలిఫోను బూత్‌లోంచి పై అధికారికి ఫోను చేశారు. "ఆవులు పడ్డాయి సార్. ఎంపిక చేసినవే తిన్నాయి. కంచె గట్టిగా వేయించలేదు, తప్పు నాదే." అద్దం తలుపు అవతల నిలబడి విన్నాను. మా నాన్న అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. ఆసుపత్రిలో, గోపి నిద్రపోతుండగా, అమ్మకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పారు. అమ్మ మొదట నమ్మలేదు. తర్వాత మండిపడింది.

"ఆవిడికి సెప్పరేటి? మీరే తప్పు సేసినట్టు ఆఫీసులో తల దించుకుంటారేటి?"

"ఏమని చెప్పనే? ఆవిడ మనవణ్ణి బతికించుకున్నాననుకుంటోంది."

"బతికించినవి ఆ సూదులు."

"అది నీకూ నాకూ తెలుసు. నా పైరు పాడుచేశావని చెబితే ఆవిడ ఆ నిమిషం నుంచి బతకదు. రేపు వీడు పెద్దయ్యాక, నాన్న కష్టమంతా నీకోసం పోయిందని ఎవరో ఒకరు వాడితోనూ అంటారు. వద్దు."

అమ్మ ఆ తర్వాత మామ్మతో చాలా కాలం ముభావంగా ఉండేది. పండక్కి చీర పెట్టేటప్పుడు కూడా మొహం చూసేది కాదు. మామ్మకి కారణం తెలీదు. జ్వరం తన ఊళ్ళో అంటుకుందని కోడలికి కోపమనుకుని, తప్పు చేసినదానిలా ఒదిగి ఉండేది. ఆఫీసులో నాన్నకి కొంతకాలం 'ఆవులాయన' అని పేరు నడిచింది. బయటి పొలాల్లో ప్రయోగాలు ఆయనకి ఇవ్వడం తగ్గించారు. ముందు తరం గింజ కేంద్రంలో కొంచెం ఉంటే దాన్నే మళ్ళీ మామ్మ పొలంలో సొంతంగా వేశారు. అందులోంచి మళ్ళీ అలాంటి మొక్కలు వస్తాయన్న నమ్మకమేమీ లేదు. పుట్టిన ప్రతి గింజా వేరే మనిషి లాంటిది. ఒక ఏడు వానలు లేవు. ఒక ఏడు తెగులు రాలేదు. తెగులొచ్చిన ఏడు అన్నిటి మెడలూ విరిగాయి. ఆయన మళ్ళీ ఊలు వాడలేదు, వెదురు పుల్లలు పాతేవారు. "ఈ ఏడు మొక్కేటీ కట్టవేటిరా?" అని మామ్మ అడిగితే, "అందరం బాగున్నాం గదమ్మా," అనేవారు. ఆవిడ తృప్తిగా తలూపేది. ఆ నమ్మకంతోనే వెళ్ళిపోయింది. ఆవిడ పోయాక చేను కౌలుకిచ్చారు. కౌలుదారు నీలగిరి మొక్కలు వేశాడు. నాటు చోడి గింజ అడిగితే ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు మా అమ్మ మూకుడులో వేగుతున్నది ఏ ఊరి పంటో సంచి మీద రాసి లేదు. పాప దాన్నే చప్పరిస్తూ తింటుంది. తీపి కోసం ఖర్జూరం నలిపి కలుపుతాం.

మిగతావాళ్ళ రకాలు విడుదలైనప్పుడల్లా నాన్న ఇంటికి మిఠాయి తెచ్చేవారు. అమ్మ ఆ పొట్లం ముట్టుకునేది కాదు. ఆయన పేరు మీద ఒక్క రకమూ నమోదు కాకుండానే పదవీ విరమణ అయింది. ఆఖరి రోజుల్లో, మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నప్పుడు, నేను ధైర్యం చేసి అడిగాను, ఆ వెన్నులు పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉందా అని. కడుపుతో ఉన్నప్పటి నుంచీ నాకు అన్నిటికీ భయమే. బిడ్డ కోసం ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో, ఎవరిది పోగొడతానో అని. ఆయన దిండ్ల మీద కాస్త పైకి జరిగారు.

"పోయినందుకు కాదే. ఆ మొక్కలు తెగులుని తట్టుకున్నాయో, ఊరికే తప్పించుకున్నాయో నాకు తెలీదు. ఒక్కోసారి పక్క మొక్కకి అంటిన తెగులు దీనికి అంటదు, అంతే. అది దాని గొప్ప కాదు. మళ్ళీ వేసి చూస్తేగానీ తెలిసేది కాదు. తెలుసుకోలేకపోయాను, అదే." మళ్ళీ తనే, "గోపి సంగతీ అంతే అనుకో. మీ అమ్మ సూదులంటుంది, మా అమ్మ పోలమ్మ అంది. వాణ్ణి రెండోసారి జబ్బు చేయించి చూస్తామా?" అన్నారు. నవ్వబోయి దగ్గారు. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. ఆ వీపు ఎంత సన్నబడిపోయిందో అప్పుడే తెలిసింది.

గోపికి ఇదంతా తెలీదు. ఇది అచ్చులో చదివిననాడు తెలుస్తుంది. అప్పుడు వాడు నామీద కోప్పడతాడో, అమ్మ మీద కోప్పడతాడో చెప్పలేను. ఇన్నాళ్ళూ మోసిన నాన్న ఇక లేరు కాబట్టి, ఎవరో ఒకరు వాడికి చెప్పి తీరాలనిపించింది. ఎదురుగా కూర్చుని చెప్పే శక్తి నాకు లేదు. ఒక అవకాశం వచ్చింది గానీ, అది నా చేతిలోంచి పోయింది.

పోయిన వారం శ్రావణి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కేంద్రంలో నాన్న కుర్చీలో ఇప్పుడు పనిచేస్తున్నది ఆ అమ్మాయే. నాన్న ఫొటో ముందు కాసేపు నిలబడి, కాఫీ తీసుకుని, మొహమాటంగా మాట మొదలుపెట్టింది. కేంద్రంలో చోడి మీద జరిగిన పనంతా ఒక పుస్తకంగా వేస్తున్నారట. నాన్న గురించి రాసే భాగం తనది. గోపి సెలవు మీద వచ్చి ఉన్నాడు. సోఫాలో పాపని ఆడిస్తున్నాడు.

"ఆ ఒక్క ఏడాది దగ్గరే ఆగిపోయానండీ," అంది. "అంత మంచి వరసలు నిర్లక్ష్యం వల్ల పశువుల పాలయ్యాయని అందరూ అలాగే చెబుతున్నారు. సార్ గురించి విన్నదాన్నిబట్టి నాకది నమ్మబుద్ధి కావడం లేదు. నిర్లక్ష్యం అన్న మాట ఆయన పేరు పక్కన రాయడం నాకిష్టం లేదు. నిజంగా ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉంటుందని అడుగుతున్నాను."

గోపి నవ్వాడు. "నాకు తెలిసిందల్లా ఒక్కటేనండి. మా నాన్న ఇన్నేళ్ళు పెంచిన చోడిని రుచి చూసిన అదృష్టం మా మామ్మగారి ఊరి ఆవులకే దక్కింది."

ఒక్క మాట చెబితే చాలు. ఆ అమ్మాయి పుస్తకంలో నాన్న నిర్లక్ష్యపు మనిషి కాకుండా పోతారు. నేను నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మ నావైపు చూసింది. మామ్మ మీద కోపాన్ని ఇన్నేళ్ళు ఆరనివ్వకుండా ఉంచుకున్న మనిషి, నాన్న పక్కన ఆ మాట పడినందుకు అందరికంటే ఎక్కువ ఉడికిపోయిన మనిషి. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గోపి పక్కన కూర్చుంది.

"ఆవులేనమ్మా," అంది శ్రావణితో. "ఎర్రావొకటి, దాని పెయ్యొకటి. నాను సూసినాను. మా అత్త కర్రట్టుకుని తోలుతానే ఉన్నాది పాపం, ముసిల్ది, అందుకోనేకపోనాది. ఈయన కంచె సరిగ్గా కట్టనేదు. అలాగే రాసుకో."